జైలు పడలేదు, కేసు కొట్టేయలేదు... మరి మా ఆయన ఏమైనట్టు?

జగిత్యాల వైపు నుంచి ఒక ఇల్లాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు కాబట్టి ఆనవాళ్ళు కొన్ని మార్చాను. సంగతి ఇది.

ఆమె భర్త ఏడేళ్ళు మస్కట్‌లో పనిచేశాడు. 2021 వానాకాలంలో సెలవు మీద ఇంటికొచ్చి ఉండగా, పెద్దబాపు కొడుకుతో గెట్టు పంచాయితీ అయింది. మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న పార కట్టెతో కొట్టాడు. అవతలాయన ముంజేతి ఎముక విరిగింది. ఐపీసీ 325 కింద, అంటే తీవ్రంగా గాయపరిచినందుకు కేసు, అప్పటినుంచి వాయిదాలు. నాలుగు నెలల కింద తీర్పు వచ్చింది. నేరం చేశాడని తేలింది గానీ జైలు వేయలేదు. 20 వేలకు బాండు రాయించుకున్నారు. ఆమె అన్న జమానతు పెట్టాడు. 2 ఏళ్ళు సత్ప్రవర్తనతో ఉండాలి. అందులో మొదటి ఏడాది జిల్లా ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణ. నెలకోసారి ఆఫీసుకు రావాలి, తాగొద్దు, అనుమతి లేకుండా జిల్లా దాటొద్దు, దెబ్బ తిన్నాయనకు 15 వేలు పరిహారం కట్టాలి.

మొదటి నెల వెళ్ళాడు. రెండో నెల చుట్టాల పెళ్ళి, మూడో నెల వరికోత. ఆ తర్వాత అసలు పోలేదు. సాయంత్రాలు కల్లు మండువకు పోతున్నాడు, ‘కల్లు తాగుడు తాగుడే కాదు’ అంటున్నాడు. పరిహారం రూపాయి కట్టలేదు. ఈలోగా జువైనల్ వెల్ఫేర్ అని రాసి ఉన్న ఆఫీసు నుంచి ఒక కవరు వస్తే, ‘ఇది చిన్నపిల్లల ఆఫీసు, మనకెందుకొచ్చింది’ అని నవ్వి పక్కన పడేశాడట. రెండో కవరును ఆమె ఆయనకు చూపించకుండా బియ్యం డబ్బాలో దాచారు. సర్పంచ్ ఎలక్షన్లప్పుడు కానిస్టేబుల్ వచ్చి తహసీల్దార్ ఆఫీసుకు తీసుకుపోయి బైండోవర్ చేయించాడు. ఇప్పుడు ఏజెంటు మస్కట్ వీసా వచ్చిందంటున్నాడు. ఆరు వారాల్లో ఎక్కాలట. అప్పు 4 లక్షలుంది. జమానతు పెట్టిన అన్నకు తన రెండెకరాలు పోతాయని భయం. వదిన మాట్లాడటం మానేసింది.

ఉత్తరంలోని ఈ మాటలు ఆమెవే: ‘ఊళ్ళె అందరు కేసు కొట్టేసిండ్రంటున్నరు. వకీలు సాబు ఇగ అయిపోయింది పొమ్మన్నడు. మరి నెలనెలా పోయి మొఖం చూపియ్యాలె అంటే ఇది బెయిలా, పెరోలా, ఏంది? టీవీల చూసినం, తాగి రోడ్డు మీద లొల్లి చేసినోళ్ళతోని దవాఖాన ఊడిపిచ్చి ఇడిసిపెట్టిండ్రు. మాకు గట్ల చెయ్యరాదా? లేకుంటే జైల్లనన్న ఏస్తే ఆర్నెల్లకు తేలిపోవు. గిదేం శిక్ష?’

అమ్మా, మీరు వేసిన ప్రశ్నల్లో ‘ఇదేం శిక్ష’ అన్నదే అన్నిటికన్నా అసలు ప్రశ్న. దానికి జవాబు చెప్తే మిగతావి చాలావరకు విడిపోతాయి.

ఇది శిక్ష కాదు. శిక్ష ఇంకా వేయనే లేదు. కేసు కొట్టేయడమంటే నేరం రుజువు కాలేదని. మీ ఆయన విషయంలో రుజువైంది. రుజువయ్యాక ఎన్నాళ్ళు జైలు, ఎంత జరిమానా అన్నది చదవాల్సిన చోట న్యాయమూర్తి ఆగిపోయారు. 1958 నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం సెక్షన్ 4 ఆ వీలిస్తుంది, దీన్నే ప్రొబేషన్ అంటారు. ఆ రోజు మీ ఆయన సంతకం చేసిన బాండులో ఉన్న మాట ఏమిటంటే, ఈ గడువు లోపల కోర్టు ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చి శిక్ష అందుకుంటాను, అంతవరకు బుద్ధిగా ఉంటాను అని. మీ వకీలు గారు ‘అయిపోయింది’ అన్నది విచారణ గురించి. విచారణ అయిపోయింది, బాండు మొన్ననే మొదలైంది. ఆ తేడా ఆయన నిలబెట్టి చెప్పాల్సింది. కోర్టు వరండాలో ఈ మాట చెప్పే తీరిక చాలామందికి ఉండదు, అది నేను కళ్ళారా చూసిందే.

ఈ అవకాశం అందరికీ రాదు. మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరమైతే సెక్షన్ 4 వర్తించదు. మీ ఆయన చేతిలో ఆ రోజు పార కట్టె బదులు కొడవలి ఉండి ఉంటే కేసు 326 కింద నడిచేది. దానికి యావజ్జీవం దాకా శిక్ష ఉంది కాబట్టి ఈ తలుపే తెరుచుకునేది కాదు.

ఇక మీకు కలగాపులగమైన పేర్లు. పెరోల్ కాదు. జైలు శిక్ష అనుభవిస్తున్న మనిషిని తల్లి చావుకో, బిడ్డ పెళ్ళికో కొన్ని రోజులు బయటికి పంపడం పెరోల్. ఫర్లో కూడా అలాంటి సెలవే, కాకపోతే జైల్లో నడవడి చూసి ఇచ్చేది. రెండూ జైలు నుంచి మొదలై జైలుకే తిరిగిపోతాయి. మీ ఆయన జైలు గడపే తొక్కలేదు. బెయిలు కూడా కాదు. శిక్ష పడ్డవాళ్ళు అప్పీలు వేసుకుని, అది తేలేదాకా శిక్షను ఆపించుకుని బయట ఉంటారు చూడండి, అది బెయిలు. మీరు టీవీలో చూసింది సమాజ సేవ. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత దాన్ని ఒక శిక్షగా చేర్చింది. కూలి ఇవ్వరు, కోర్టు చెప్పిన పని చేయాలి. అయితే అది ఆరు నేరాలకే. తాగి నలుగురిలో అల్లరి చేయడం, 5 వేల లోపు మొదటి దొంగతనం చేసి సొత్తు తిరిగివ్వడం, పరువు నష్టం వంటివి. ఎముక విరగ్గొట్టిన కేసు అందులో లేదు, పైగా మీది ఆ చట్టం రాకముందు జరిగిన గొడవ.

బైండోవర్ దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే మీ ఇంట్లో భయమంతా అక్కడినుంచే పుట్టినట్టుంది. కానిస్టేబుల్ వచ్చి తీసుకుపోయింది కోర్టు తీర్పు వల్ల కాదు. గొడవ చేస్తారని అనుమానం ఉన్నవాళ్ళ చేత ఎలక్షన్లకు ముందు, పండగలకు ముందు తహసీల్దార్ ముందర శాంతి బాండు రాయిస్తారు. దానికి నేరం రుజువు కావాల్సిన పనే లేదు. శాంతిభద్రతల కోసం రాయించేది ఏడాదికి మించి ఉండదు. మీ ఆయన మీద ఇప్పుడు రెండు బాండ్లున్నాయి. ఒకటి కోర్టుది, ఒకటి తహసీల్దార్‌ది. రెండూ వేర్వేరు. కోర్టు పెట్టిన షరతుల మీద ఇంకో షరతు కలిపే అధికారం స్టేషనుకు లేదు. కానీ రేపు గెట్టు దగ్గర మళ్ళీ ఒక తోపులాట జరిగిందనుకోండి, రెండు బాండ్లూ ఒకేసారి మెడకు చుట్టుకుంటాయి. రౌడీ షీటు తెరిచారేమోనని కూడా అడిగారు. అది పోలీసులు తమ నిబంధనల ప్రకారం పెట్టుకునే నిఘా పుస్తకం. ప్రొబేషన్ ఆర్డరు వచ్చినంత మాత్రాన దానంతటదే తెరుచుకోదు.

మీ ఆయన తప్పించుకు తిరుగుతున్న ఆ అధికారి పోలీసు కాడు. ఆఫీసు పేరు చూసి మీరు తికమకపడటంలో మీ తప్పేమీ లేదు. మన దగ్గర ప్రొబేషన్ అధికారులు ఉండే శాఖ పేరులో ముందు జువైనల్ వెల్ఫేర్ అని, తర్వాత కరెక్షనల్ సర్వీసెస్ అని ఉంటుంది. పిల్లల పనీ, మీ ఆయన లాంటి పెద్దవాళ్ళ పనీ ఒకే గొడుగు కింద నడుస్తాయి. ఈ అధికారి పని ఏమిటో చట్టం సెక్షన్ 14లో రాసి పెట్టింది. కనిపెట్టి ఉండాలి, అవసరమైతే తగిన పని దొరకడానికి సాయపడాలి, పరిహారం కట్టే విషయంలో సలహా ఇచ్చి తోడుండాలి. మొదటి నెల వెళ్ళినప్పుడు ‘మంచిగనే మాట్లాడిండు’ అని మీరే రాశారు. ఆయన రాసే కాగితమే మీ ఆయన గురించి కోర్టుకు తెలిసే కథ. మీరు వెళ్ళకపోతే ఆ కథ మీరు లేకుండానే రాసుకుపోతుంది.

వెళ్ళనందుకు ఏమవుతుంది? షరతు తప్పారని అధికారి కోర్టుకు చెప్తే, సెక్షన్ 9 కింద కోర్టు సమన్లైనా పంపొచ్చు, వారంటైనా ఇవ్వొచ్చు. అప్పుడు కోర్టు చేతిలో రెండు దారులుంటాయి. ఆనాడు ఆపిన శిక్షను ఇప్పుడు వేయడం ఒకటి. తప్పడం ఇదే మొదటిసారి అయితే బాండును అలాగే ఉంచి 50 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టడం రెండోది. యాభై రూపాయలే. 1958లో రాసిన అంకె, ఇప్పటికీ అదే. మొదటి తప్పును చట్టం ఎంత తేలిగ్గా తీసుకోవడానికి సిద్ధంగా ఉందో ఆ అంకె చెప్తుంది. రెండోసారికి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఇప్పుడు, వారంటు రాకముందే, తనంతట తాను వెళ్ళి ‘పెళ్ళి, కోతలు, తప్పయింది’ అని చెప్పడానికీ, పట్టుకొచ్చాక అదే మాట చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది. కల్లు సంగతి కూడా చెప్పాలి. షరతు మత్తు పదార్థాలు ముట్టొద్దని ఉంటే కల్లు అందులోదే. మండువ దగ్గర ఈ వాదన చెల్లుతుందేమో, మెజిస్ట్రేటు దగ్గర చెల్లదు.

మీ అన్న గారి విషయం. ముందు వదిన గారితో ఈ ఒక్క ముక్క చెప్పండి: జమానతు పెట్టిన మనిషి బాకీ పడేది బాండు మీద రాసిన మొత్తానికే, అంటే 20 వేలకు. రెండెకరాలూ కోర్టు రాయించేసుకోదు. మీ ఆయన మాట తప్పితే కోర్టు బాండు జప్తు చేసి, ఆ సొమ్ము ఎందుకు కట్టకూడదో చెప్పమని మీ అన్నకు నోటీసు ఇస్తుంది. సంజాయిషీ నచ్చకపోతే కట్టమంటుంది. కట్టకపోతే అప్పుడు వసూలు మాట. చిన్న మొత్తం కాదు నిజమే, కానీ పొలం పోయే మొత్తం కూడా కాదు. ఈ ప్రొబేషన్ అనే ఏర్పాటే ఒక జమానతుతో మొదలైందని మీ అన్నకు చెప్పండి, కాస్త ఊరట పడతాడేమో. 1841లో అమెరికాలోని బోస్టన్‌లో జాన్ అగస్టస్ అనే చెప్పులు కుట్టే ఆయన కోర్టుకు పోయి, జైలుకు పోబోతున్న ఒక తాగుబోతుకు తాను పూచీ ఉంటానని విడిపించుకుపోయాడు. మూడు వారాల తర్వాత తాగుడు మానిన మనిషిగా తిరిగి తీసుకొచ్చి నిలబెట్టాడు. చట్టాలు తర్వాత వచ్చాయి, ముందు ఒక మనిషి మాట ఇచ్చాడు. మీ ఇంట్లో ఆ మాట ఇచ్చింది మీ అన్న. మీ ఆయన ఏజెంటుకు భయపడుతున్నంత కూడా ఆ మాటకు భయపడకపోవడం నాకు కష్టంగా అనిపించింది. ఇది మీతో కాదు, ఆయనతో అనాల్సిన మాట.

ఇప్పుడు మస్కట్. ‘అవన్ని ఎవలు చూస్తరు, ఎక్కి పో’ అన్నాడట ఏజెంటు. చెప్పకుండా పోతే ఎవరూ ఆపకపోవచ్చు కూడా. కానీ నెల నెలా గైర్హాజరు పడుతుంది, వారంటు వస్తుంది, మీ అన్నకు నోటీసు వస్తుంది. కోర్టు సమన్లో వారంటో ఉందని పాస్‌పోర్టు ఆఫీసు దృష్టికి వస్తే పాస్‌పోర్టు స్వాధీనం చేసుకునే వీలు చట్టంలో ఉంది. రెండేళ్ళకు సెలవు మీద వచ్చిన మనిషి విమానాశ్రయం నుంచి ఇంటికొస్తాడో కోర్టుకు పోతాడో తెలియదు. అప్పుడు ఆపిన శిక్ష పడుతుంది. పైగా చట్టం ఇచ్చిన ఒక పెద్ద మేలు కూడా పోతుంది, దాని గురించి కింద చెప్తాను.

అడిగి పోయే దారి ఉంది. బాండు షరతులు మార్చడానికి, గడువు తగ్గించడానికి సెక్షన్ 8 కోర్టుకు అధికారమిస్తుంది. అయితే ఆ దరఖాస్తు పెట్టాల్సింది ప్రొబేషన్ అధికారి. మీ ఆయన ఏ గడప తొక్కనంటున్నాడో మస్కట్ దారి ఆ గడప మీదుగానే పోతుంది. వీసా కాగితం, జీతం వివరాలు, అప్పు పత్రాలు తీసుకుపోయి అడగొచ్చు. పని చూపించడం కూడా అధికారి బాధ్యతల్లో ఒకటి కాబట్టి అడగడంలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. షరతు మార్చేముందు జమానతు పెట్టిన మీ అన్న మాటనూ కోర్టు వింటుంది. ఆయన ఒప్పుకోకపోతే కొత్త బాండు అడగొచ్చు.

నిజం చెప్పాలంటే ఈ ఆరు వారాల వీసా దక్కుతుందని నేననుకోను. నాలుగు నెలల్లో మూడు నెలలు కనపడని మనిషి, పరిహారం కట్టని మనిషి, జిల్లా కాదు దేశమే దాటుతానంటే ఏ అధికారైనా కలం పట్టడానికి వెనకాడతాడు. చట్టం ప్రకారం పర్యవేక్షణ ఏడాదికి తగ్గకుండా ఉండాలి. ఆ ఏడాది సక్రమంగా పూర్తి చేసి, మంచి రిపోర్టుతో మిగిలిన ఏడాదికి బాండు నుంచి విడుదల చేయమని గానీ, జిల్లా దాటొద్దన్న షరతు తీసేయమని గానీ అడిగితే ఆ అడగడానికి బలం ఉంటుంది. అంటే ఇంకో ఎనిమిది నెలలు. అప్పు వడ్డీ ఈ ఎనిమిది నెలల్లో ఎంత పెరుగుతుందో నాకు తెలియదు, మీకు తెలుసు. ఆ లెక్క ఒక పక్కన, వారంటు ఇంకో పక్కన పెట్టుకుని చూడండి. వీసాకు పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడిగితే దరఖాస్తులో కేసు దాచొద్దని మాత్రం గట్టిగా చెప్తాను. కేసు ఉండటం వేరు, దాచి దొరకడం వేరు. ఉద్యోగాల దరఖాస్తుల్లో కేసు దాచిన సంగతిని ఎలా చూడాలో సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో వివరంగా చెప్పింది. దాచడమే ఒక తప్పుగా లెక్కకొస్తుంది.

మీరు అడగని దారి ఇంకొకటుంది. 325 కేసు కోర్టు అనుమతితో రాజీ పడగలిగిన కేసు. తీర్పు వచ్చాక కూడా, అప్పీలు నడుస్తుండగా పై కోర్టు అనుమతిస్తే రాజీ కుదురుతుంది. కుదిరితే అది నిర్దోషి అని విడుదల చేసినట్టే లెక్క. ప్రొబేషనూ ఉండదు, నేరం ముద్రా ఉండదు. వినడానికి బాగుంది గానీ చిక్కులున్నాయి. సెషన్స్ కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. అది దాటి మూడు నెలలైంది, ఆలస్యానికి కారణం చూపించి మన్నించమని అడగాలి. రాజీ కుదరకుండా అప్పీలు మాత్రమే నడిస్తే పై కోర్టు ప్రొబేషన్ తీసేసి శిక్ష వేసే అవకాశమూ చట్టంలో ఉంది. అన్నిటికన్నా ముందు, చెయ్యి విరిగిన మీ బావ ఒప్పుకోవాలి. ఆయన గెట్టు జరపమంటాడు, డబ్బడుగుతాడు, లేదా అసలు మాట్లాడనంటాడు. 15 వేలు కట్టకుండా ఆయన గడపకు పోవడం మాత్రం దండగ. అది ఎలాగూ కోర్టు ఆర్డరు. ‘వానికి రూపాయి ఇయ్య’ అన్న మీ ఆయన మాట పౌరుషమే కావచ్చు, ప్రొబేషన్ పూర్తి చేయడం, అడిగి మస్కట్ పోవడం, రాజీ, ఈ మూడు దారుల్లో ఏ దారికైనా మొదటి అడ్డం అదే. పెద్దత్త, అంటే ఆ బావ తల్లి, ఇప్పటికీ మీ బిడ్డను ఎత్తుకుంటుందని ఉత్తరం చివర రాశారు. ఆ ఒక్క వాక్యం లేకపోతే నేను రాజీ ఊసే ఎత్తేవాణ్ణి కాదు.

‘జైల్ల ఏస్తే తేలిపోవు’ అన్నారు కదా. 325కు గరిష్ఠంగా 7 ఏళ్ళు. ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు వేయగలిగింది 3 ఏళ్ళ దాకా. ఆర్నెల్లే అని మీకెవరు చెప్పారో తెలియదు. పైగా ఇందాక ఆపిన మాట ఇక్కడ చెప్పాలి. ప్రొబేషన్ సవ్యంగా పూర్తయితే, నేరం రుజువైనందువల్ల చట్టప్రకారం వచ్చే అనర్హతలు అంటవని సెక్షన్ 12 చెప్తుంది. మధ్యలో షరతు తప్పి శిక్ష పడితే ఆ రక్షణ పోతుంది. అలాగని నేరం రుజువైన సంగతే చెరిగిపోతుందని కాదు. ఉద్యోగమిచ్చేవాడు ఆ ప్రవర్తనను చూడకూడదనీ లేదు, ఈ విషయంలో సుప్రీంకోర్టు ప్రభుత్వోద్యోగుల కేసుల్లోనే చెప్పింది. పాస్‌పోర్టు విషయంలోనూ తేడా ఉంది. నైతికంగా హీనమైన నేరంలో 2 ఏళ్ళకు తగ్గని జైలు పడితే, ఆ తీర్పు నుంచి 5 ఏళ్ళ దాకా పాస్‌పోర్టు నిరాకరించవచ్చు. మీ ఆయనకు శిక్షే వేయలేదు కాబట్టి ఇవాళ ఆ అడ్డు లేదు.

మీరు ఒక్కరే చేయగలిగినవి కొన్నున్నాయి. కోర్టు నుంచి ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీయించండి. ఇంగ్లీషులో ఉంటుంది, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో చదివి చెప్పమని అడగండి. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. ఆ ఆర్డరులో పర్యవేక్షణ ఎప్పటిదాకా, జిల్లా దాటడం గురించి సరిగ్గా ఏ మాట రాశారు, పరిహారానికి గడువెంత అన్నవి చూడండి, నేను రాసిన దానికి ఏమైనా తేడా ఉంటే ఆర్డరులో ఉన్నదే లెక్క. వకీలును మార్చాలా వద్దా అని అడిగారు. ముందు ఆయన్నే ఇంకోసారి కూర్చోబెట్టి అడగండి, చెప్పలేదంటే అప్పుడు చూద్దురు.

ఆయనను ఆఫీసుకు ఎలా తీసుకుపోవాలన్నది నాకన్నా మీకే బాగా తెలుసు. మీ అన్న వెంట వస్తే మంచిది. ఇద్దరూ కలిసి అధికారి ముందు కూర్చుంటే మీ ఇంటి గొడవ కూడా సగం అక్కడే మాట్లాడుకున్నట్టవుతుంది. అంతకంటే ముందు బియ్యం డబ్బాలో దాచిన ఆ రెండో కవరు విప్పండి. అది అధికారి రాసిన ఉత్తరమైతే మీకింకా టైముంది. కోర్టు సమన్లయితే అందులో ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ దాటిపోయిందో లేదో చూసుకుని, దాటినా సరే, కవరు విప్పిన మర్నాడు పొద్దున్నే బయల్దేరండి.